మొక్కజొన్న వేర్లు మూలకు తిరిగిన ఏడాది

వేర్ల మీద పనిచేయడానికి చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. ముందు మోకాళ్లు చూపించుకోండి అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను హాస్యానికి అనలేదు. ఆకుల మీద పనిచేసేవాడు నిలబడి పనిచేస్తాడు. పువ్వులవాడు కాస్త వంగుతాడు, అదీ ఫోటో తీసేటప్పుడు. వేర్లవాడు మాత్రం మోకాళ్ల మీద బతకాలి. నా ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గర అరిగిపోవడం చూసి మా సంఘ పాస్టరు గారు నన్ను గొప్ప ప్రార్థనాపరుడని అనుకుని, ఉపవాస కూడికల బాధ్యత నా నెత్తిన పెట్టారు. నేనేమో భోజనప్రియుణ్ని. ఆ సంగతి నేను మర్చిపోలేదు.

డెబ్బైల చివర న్యూజెర్సీలో ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరాను. దాని పేరు చెప్పను. చెబితే వాళ్లకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. ప్రమోషన్ల గురించి కూడా రాయను, రాసేటన్ని రాలేదు. నేను నేర్చుకున్నది చెబుతాను. ఎవరెవరు నేర్చుకోనివ్వలేదో అది కూడా చెబుతాను.

బురద కడగడం

వేరు అంటే నీళ్లు పీల్చే గొట్టం అని స్కూల్లో చెబుతారు. తప్పు కాదు గానీ, మనిషి అంటే అన్నం తినే సంచి అన్నట్టు ఉంటుంది ఆ మాట. వేరు కొన మెత్తగా ఉంటుంది. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచేవాడిలా నేలలో దారి తడుముకుంటుంది. మట్టి గట్టిగా తగిలితే లావెక్కి పక్కకు తిరుగుతుంది. వానపాము తొలిచిన సందు దొరికితే తన కోసమే రోడ్డు వేశారన్నట్టు దిగిపోతుంది. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే కింద కుళ్లి, పైపైన బతుకుతుంది. పైన ఎండితే లోతుకు పోతుంది. ఎక్కడైనా కాస్త తడి, కాస్త ఎరువు తగిలిందా, పెళ్లిలో వడ్డన మొదలైన పంక్తి దగ్గరకు జనం చేరినట్టు, అక్కడ పిల్లవేర్లు గుంపు కడతాయి.

ఇదంతా తెలుసుకోవాలంటే మట్టి కడగాలి. గొట్టం దించి మట్టి తీసి, నానబెట్టి, జల్లెడలో పోసి, నీటిధార కింద మెల్లగా కడిగి, మిగిలినదాన్ని ఫోర్సెప్స్‌తో ఏరాలి. బతికిన వేరేదో చచ్చిన వేరేదో, మొక్కజొన్నదేదో గడ్డిదేదో చూసుకోవాలి. రోజంతా బురద కడిగితే సాయంత్రానికి పళ్లెంలో చిటికెడు తెల్ల దారాలు మిగులుతాయి. వాటిని చూసి ఆకుల విభాగం ఆయన ఒకసారి పదిమందిలో, “జాక్, ఇవాళ లంచ్‌లో నూడుల్సా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ఆరోజు గళ్ల చొక్కా వేసుకున్నాడు. పై గుండీ ఊడిపోయి ఉంది.

ఆకులవాళ్లకు పై అంతస్తులో కిటికీలున్న గదులు. వాళ్ల స్లైడ్లు పచ్చగా ఉంటాయి, చూసినవాళ్లు “ఆహా” అంటారు. నా స్లైడు పడగానే లైటు వేయమంటారు. అయినా చెబుతున్నాను: ఆకు ఆలస్యంగా చెబుతుంది. ఆకు వాడిపోయిందంటే వేరు ఆ సంగతి ఎప్పుడో చెప్పి, వినేవాడు లేక ఊరుకుందని అర్థం. ఆ బాధ నాకు తెలుసు.

డాక్టర్ హాల్వర్సన్

మా పై అధికారి డాక్టర్ హాల్వర్సన్. పొడుగాటి మనిషి, మెత్తని గొంతు, వేసవి పొడుగునా జలుబు. పుప్పొడి పడదు. మొక్కజొన్న మీద జీవితం ధారపోసిన మనిషికి మొక్కజొన్న పుప్పొడి పడకపోవడం ఆయన దురదృష్టం. దాని ఫలితం అనుభవించింది నేను.

నా పేరు జకరయ్య. మొదటిరోజు ఆయన ఆ పేరు పలకడానికి ఒక్కసారి ప్రయత్నించి, కాసేపు విశ్రాంతి తీసుకుని, “జాక్” అన్నాడు. ఆఖరిదాకా అదే. కూర్చోడానికి ఒక చక్రం లేని కుర్చీ ఇచ్చాడు. తాత్కాలికం అన్నాడు. నేను రిటైరైన రోజున కూడా అది తాత్కాలికంగానే ఉంది.

న్యాయంగా చెప్పాలంటే ఆయనకు మొక్కజొన్న బాగా తెలుసు. కానీ పార కంటే సిద్ధాంతం ముందు తీసేవాడు. ఒక రైతు ఫోన్ చేసి, గాలికి చేనంతా ఒరిగిపోయింది అన్నాడు. ఈయన ఫోన్‌లోనే “కాండం తెగులు” అని తేల్చేశాడు. నేను పార కార్లో వేసుకుని వెళ్లి తవ్వాను. వేర్లన్నీ జానెడు లోతు దిగి, బల్ల మీద పరిచినట్టు అడ్డంగా పాకి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకే లోతులో దున్నీ దున్నీ, ట్రాక్టర్ తొక్కీ తొక్కీ, కింద మట్టి పలకలా గట్టిపడింది. వేరు దిగలేదు. దిగనివాడు గాలికి నిలబడడు.

“ఇంతకీ తెగులేంటి?” అన్నాడు రైతు.

“మీ ట్రాక్టర్” అన్నాను.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. తెగులైతే మందు కొట్టుకోవచ్చు కదా. అయినా ఆ పొరను లోతుగా చీల్చాడు. మరుసటి ఏడు చేను నిలబడింది. డాక్టర్ హాల్వర్సన్ నా భుజం తట్టి, “అదృష్టమున్న పార, జాక్” అన్నాడు. పారకు అదృష్టమట. పట్టుకున్నవాడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేల కింద గది

మా కేంద్రంలో నాకు నచ్చిన చోటు ఒక్కటే: నేల కింద గది. మెట్లు దిగితే ఇరుకైన నడవా, రెండువైపులా గాజు కిటికీలు. ఒక్కో కిటికీ వెనక మట్టి నింపిన ఒక పెట్టె. పెట్టెల పైభాగం ఆరుబయట, అక్కడ మొక్కజొన్న పెరుగుతుంది. కింద గాజులోంచి దాని వేర్లు చూడొచ్చు. వేర్లకు వెలుతురు గిట్టదు, పైగా గాజుకు నాచు పడుతుంది. అందుకని కిటికీలకు నల్ల కంబళి తెరలు. వారానికోసారి తెర ఎత్తి, గాజు మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం పెట్టి, రంగు పెన్నులతో వేర్ల దారి గీసుకునేవాణ్ని. ఈ వారం ఎరుపు, వచ్చే వారం నీలం. వేసవిలో చల్లగా ఉండేది. ఎవరూ “జాక్” అని పిలిచేవాళ్లు కాదు.

కొన్ని పెట్టెల మీద పట్టాల మీద జరిగే రేకు కప్పు ఉండేది. చినుకు పడితే అదే జరిగొచ్చి కప్పేది. అవి ఎండు పెట్టెలు. నీరు లేకపోతే వేరు ఏం చేస్తుందో చూడడానికి.

ఇంకో సంగతి. పైన పెట్టెల దగ్గరకు ఎవరూ వెళ్లకూడదని బోర్డు పెట్టారు. అడుగులు పడితే మట్టి గట్టిపడుతుందని డాక్టర్ హాల్వర్సన్ పెట్టిన నియమం అది. పైకి వెళ్లే హక్కు ఆయనకొక్కడికే. పుప్పొడి రాలే కాలంలో ఆయన తుమ్మలేక వెళ్లడు. అంటే వేసవి నడిమధ్య పైన ఏం జరుగుతోందో చూసే మనిషి లేడు. “నువ్వైనా ఒకసారి పైకెక్కి చూడాల్సింది” అని తర్వాత నాతో అన్నవాళ్లందరూ ముందు ఆ బోర్డు చదవండి.

ఎనభైల మొదట్లో ఒక వసంతంలో గదిలో కూర్చుని గీసుకుంటుంటే ఒకతను టేపు పట్టుకుని దిగాడు. గోడ నుంచి గోడకు కొలిచాడు.

“కాస్త జరుగుతారా?” అన్నాడు.

జరిగాను. నా కుర్చీ ఉన్నచోట కొలిచాడు.

“దేనికి?” అన్నాను.

“కొత్త మూవర్లొస్తున్నాయి, గడ్డి కోసేవి. ఎక్కి నడిపేవి. మెట్లు తీసేసి వాలు కట్టిస్తే వాటికి ఇది భలే సరిపోతుంది.”

“ఇక్కడ నేనున్నాను.”

అతను నన్నూ, నా కుర్చీనీ చూసి, “మీరు పెద్దగా చోటు తీసుకోరులెండి” అన్నాడు.

పైకి పరిగెత్తాను. డాక్టర్ హాల్వర్సన్ ముక్కు తుడుచుకుంటూ నిజమేనన్నాడు. ఈ గదికి ఖర్చెక్కువ, చూడ్డానికేమీ లేదని పైవాళ్లకు అనుమానమట. వేసవి చివర ఒక కమిటీ వస్తుంది. వాళ్లకు నచ్చితే గది ఉంటుంది, లేదంటే తాళంచెవులు మూవర్లవాడికి.

“ఏదైనా చూపించాలి జాక్. కంటికి కనిపించేది” అన్నాడు.

నేను చాలా మామూలు ఏర్పాటు చేశాను. ఒక తడి పెట్టె, దాని పక్కనే ఒక ఎండు పెట్టె. తడిదాంట్లో వేర్లు పైనే ఉంటాయి, ఎండుదాంట్లో లోతుకు దిగుతాయి. పిల్లలకు కూడా అర్థమవుతుంది. కమిటీకి కూడా అర్థమవుతుందని ఆశపడ్డాను.

సలోమక్క కరివేపాకు

ఇక్కడ సలోమక్క గురించి చెప్పాలి. నరసాపురం వైపు మనిషి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. తెల్లవాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు మేం తెలుగు ఆరాధన పెట్టుకునేవాళ్లం. ఆ సంఘంలో పాస్టరు గారి మాటైనా దాటొచ్చు గానీ సలోమక్క మాట దాటలేం. ఎందుకంటే కరివేపాకు మొక్క ఆవిడ దగ్గరే ఉంది.

ఇప్పుడు ఐసెలిన్‌లో మనవాళ్ల కొట్లకు వెళితే కరివేపాకు కట్టలు కట్టలుగా అమ్ముతారు. అప్పుడు పచ్చి రెమ్మ దొరికితే పండగ. ఫ్లోరిడా నుంచి ఎవరో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆ ఒక్క మొక్క మీదే మా అందరి చారూ, పులుసూ ఆధారపడి ఉండేవి. ఆరాధన అయ్యాక ఆవిడ కవర్లోంచి తీసి ఇంటికో రెమ్మ పంచేది. ఎవరిమీదైనా కోపమొస్తే ఆ వారం వాళ్లకు ఆకుల్లేని మోడు వచ్చేది. నాకు మూడు వారాలు వరసగా మోడు వచ్చింది. కారణం ఇప్పటికీ చెప్పలేదు.

ఆవిడ అపార్ట్‌మెంట్‌కు ఎండ తగలదు. ఆ వేసవికి మొక్క వాడుముఖం పట్టింది. ఆదివారం భోజనాల దగ్గర మా ఆవిడ గ్రేస్ నన్నడక్కుండానే మాటిచ్చేసింది.

“మా ఆయన ఆఫీసులో పెట్టుకోండక్కా. అక్కడంతా ఎండే.”

“అది ఆఫీస్ కాదు, రీసెర్చ్ స్టేషన్” అన్నాను.

“మొక్కలు ఉంటాయా ఉండవా అక్కడ?” అంది సలోమక్క.

“ఉంటాయి.”

“మరింకేం? ఇదీ మొక్కేగా. దీనికేమన్నా వీసా కావాలా?”

మట్టికుండీని నేనే మోసుకెళ్లి, కార్లు పెట్టుకునే చోట గోడవార ఎండలో పెట్టాను. నా బాధ్యత అంతటితో తీరిందనుకున్నాను. తర్వాత ప్రతి ఆదివారం, “మొక్క ఎలా ఉందక్కా?” అంటే, “దేవుని కృప తమ్ముడూ, ఏపుగా ఉంది” అనేది. నేనూ సంతోషించాను. అక్కడ గోడవార కుండీ ఉందా లేదా అని చూడలేదు. నేను వెనక గేటు దగ్గర కారు పెట్టేవాణ్ని, అక్కడ నీడ ఉండేది. ఆ నీడ కూడా తర్వాత పోయింది. చెబుతాను.

వేర్లు తిరిగాయి

జులైలో ఎండు పెట్టె తెర ఎత్తాను. వేర్లు కిందికి దిగాల్సింది పోయి, చాలామటుకు పైన ఎడమ మూలకు తిరిగి ఉన్నాయి. మరుసటి వారానికి అక్కడ బొంత కుట్టినట్టు దట్టంగా అల్లుకున్నాయి. గాజుకు లోపలివైపు తెల్లగా ఏదో పూత.

డాక్టర్ హాల్వర్సన్‌ను పిలిచాను. ఆయన చూసి తుమ్మాడు, మళ్లీ చూసి ఉబ్బిపోయాడు.

“జాక్, ఈ రకం మొక్కజొన్న కాంక్రీటు గోడలోంచి తేమ లాగుతోంది!”

“గోడలో తేమ ఉంటే గోడ పొడుగునా ఉండాలి. మూలలోనే ఎందుకుంటుంది?”

“అదే కనిపెట్టాలి.”

“ఎక్కణ్ణించో నీళ్లు వస్తున్నాయి డాక్టర్. తడి లేనిదే వేరు గుంపు కట్టదు.”

“కప్పు సరిగ్గా పనిచేస్తోంది. ఆకాశం నుంచి రాలేదు. మరి ఎక్కణ్ణించి?”

“తెలీదు. పైకెళ్లి చూస్తాను.”

“మట్టి తొక్కొద్దు” అన్నాడు. బోర్డు వైపు వేలు చూపించాడు.

తెల్ల పూతను బూజుల విభాగానికి పంపించాడు. ఇందులో ఉన్నవి పాలు తోడుపెట్టే క్రిములని వాళ్లు చెప్పారు. నాలాంటివాడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. ఆయన ఆగలేదు. ఈ మొక్కజొన్న తనకు మేలు చేసే క్రిముల్ని తన వేర్ల దగ్గర తానే పెంచుకుంటోందని సిద్ధాంతం కట్టి, కమిటీ కోసం పెద్ద పోస్టర్ రాయించాడు. పోస్టర్లో ఆయన పేరుంది. మొక్కజొన్న రకం పేరుంది. కింద మూలన చిన్న అక్షరాల్లో “పార సహాయం: జాక్” అని ఉంది.

కమిటీ వచ్చే ముందురోజు పొద్దున తెర ఎత్తితే, ఆ తెల్ల వేర్ల మధ్య ఒక కొత్త వేరు. గోధుమరంగు, చెక్క బారింది, పైనుంచి నేరుగా దిగింది. మొక్కజొన్నది కాదు. గడ్డిది అసలే కాదు. మట్టి తీయడానికి కిటికీ పక్కనుండే చిన్న కంతలోంచి ఫోర్సెప్స్ పెట్టి ఒక ముక్క లాగాను. గోటితో గీరి వాసన చూశాను.

నోట్లో నీళ్లూరాయి. న్యూజెర్సీలో, నేల కింద, చారు పోపు వాసన.

బోర్డు దాటి పైకెక్కాను. రేకు కప్పు కింద తెల్ల యూనిఫాంలో సలోమక్క స్టీలు చెంబు వంచి నిలబడి ఉంది. కరివేపాకు కుండీ నా ఎండు పెట్టె ఎడమ మూలన దర్జాగా కూర్చుని ఉంది.

“వందనాలు తమ్ముడూ! ఏంటి ఇటొచ్చావ్? ఎప్పుడూ గోతిలోనే ఉంటావంట కదా.”

“అక్కా, ఏం చేస్తున్నారిక్కడ?”

“కనపడట్లా? మజ్జిగ పోస్తన్నా. పుల్లమజ్జిగ పోస్తేనే కరివేపాకు చిగురేసేది. వేర్ల డాక్టరువి, నీకు తెలీదా?”

“కుండీ గోడవార పెట్టాను కదా!”

“అక్కడ కార్ల పొగ. ఇక్కడ చూడు, వానొస్తే రేకు దానంతటదే జరిగొచ్చుద్ది. ఇంత మంచి ఏర్పాటు పెట్టుకుని మాకు ఒక్క ముక్క చెప్పలేదే నువ్వు!”

“ఇది ఎక్స్‌పెరిమెంట్ అక్కా! దీనికి చుక్క నీరు తగలకూడదు!”

“అదే అనుకున్నా. పాపం మొక్కజొన్న నోరెండిపోయి ఉంది, ఆఫీసోళ్లు ఒక్కళ్లూ పట్టించుకోట్లేదు. అందుకే చెంబు కడిగిన నీళ్లు దాని మొదట్లో పోస్తన్నా. డ్యూటీ దిగి ఇంటికెళ్తా రోజూ వచ్చి పోస్తన్నా. నాకు నువ్వు థాంక్స్ చెప్పాలి.”

“మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారు?”

“గేటు దగ్గరాయన గుడ్ మార్నింగ్ నర్స్ అంటాడు. నేనూ గుడ్ మార్నింగ్ అంటా. ఇంకేం కావాలి?”

కుండీ పట్టుకుని లేపబోయాను. కదల్లేదు. అడుగు కంతలోంచి వేరు నా పెట్టెలోకి దిగి పాతుకుపోయింది.

“లాగావంటే చచ్చిద్ది” అంది సలోమక్క. గొంతు మారింది. “అది చస్తే ఆదివారం సంఘం మొహం ఎట్టా చూస్తావో ఆలోచించుకో.”

వదిలేశాను. డాక్టర్ హాల్వర్సన్ గదికి వెళ్లాను. ఆయన పోస్టర్‌కు మేకులు కొట్టిస్తున్నాడు. “డాక్టర్, ఆ తడి ఎక్కడిదో తెలిసింది” అన్నాను. “ఇప్పుడు కాదు జాక్” అన్నాడు. భోజనాల వేళ మళ్లీ వెళ్లాను. “ఇప్పుడు కాదు జాక్.” సాయంత్రం కార్ పార్కింగ్‌లో పట్టుకున్నాను. అద్దం దించి, “రేపు, జాక్” అని అద్దం మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయాడు. చెప్పలేదని తర్వాత నన్ను అన్నాడు. పార్కింగ్‌లో సాక్షులున్నారు.

కమిటీ

కమిటీకి పెద్ద, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ. ఆవిడ వెనక టోపీ పెట్టుకున్న ఒక రైతు, ఏమీ మాట్లాడని కొందరు సూట్లవాళ్లు. అందరి వెనకా, పిలవకపోయినా, టేపు పట్టుకుని మూవర్లవాడు. మొహంలో మంచి ఆశ కనిపిస్తోంది.

డాక్టర్ హాల్వర్సన్ కాంక్రీటు గురించి చెప్పాడు, మేలు చేసే క్రిముల గురించి చెప్పాడు. తెర ఎత్తించాడు. ఎత్తింది నేనే. అందరూ మూలనున్న ఆ తెల్లని అల్లికను చూశారు.

“అంటే ఈ మొక్క గోడను తాగుతోందా?” అంది ముసలావిడ.

“ఒకరకంగా చెప్పాలంటే, అవును” అన్నాడు డాక్టర్ హాల్వర్సన్.

నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది? గది దక్కొచ్చు. ఆయనకు పేరొచ్చేది, నాకు కుర్చీ మిగిలేది. కానీ జీవితమంతా బురద కడిగి నేర్చుకున్న ఒక్క సంగతిని నా కళ్ల ముందే కాంక్రీటులో కలిపేస్తుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. పైగా “ఒకరకంగా” అనే మాట నాకు మొదట్నించీ పడదు.

“అది మజ్జిగ తాగుతోంది” అన్నాను.

మూవర్లవాడు టేపు అంచు బయటికి లాగాడు.

అంతా చెప్పాను. సలోమక్క, కుండీ, రేకు కప్పు, చెంబు. డాక్టర్ హాల్వర్సన్ ముక్కు దగ్గర రుమాలు పెట్టుకున్నాడు, తుమ్ముకు కాదు. ముసలావిడ చేతికర్ర నా వైపు తిప్పింది.

“నర్సు మొక్క అక్కడెందుకుంది?”

“మా చారులోకండీ” అన్నాను.

అప్పుడు రైతు ముందుకొచ్చి, గాజు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా ఉద్యోగ జీవితంలో నా పక్కన మోకాళ్లూనిన మొదటి మనిషి ఆయన.

“మరి కుడివైపు ఎవరూ పోయలేదా?”

“లేదు. చూడండి.” తెర పూర్తిగా ఎత్తాను. కుడివైపు వేర్లు, అదే పెట్టెలో, అదే మట్టిలో, నిటారుగా పెట్టె అడుగుదాకా దిగి ఉన్నాయి. ఎడమవైపువి మజ్జిగ దగ్గర మూగి, కిందికి దిగే పనే పెట్టుకోలేదు.

రైతు కుడివైపూ ఎడమవైపూ మార్చి మార్చి చూశాడు.

“మా ఆవిడ రోజూ సాయంత్రం టొమాటోలకు పైపైన నీళ్లు చల్లుతుంది. రెండ్రోజులు మేం ఊళ్లో లేకపోతే మొత్తం తలలు వేలాడేస్తాయి. ఇందుకేనా?”

“ఇందుకే. పైన రోజూ దొరుకుతుంటే కిందికి ఎందుకు దిగుతాయి? ఎప్పుడో ఒకసారి తడిపినా లోతుగా తడపమనండి.”

“నేను పాతికేళ్లుగా చెబుతున్నాను, వినదు” అన్నాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. “ఇది ఆవిడకు చూపించాలి. వచ్చే ఏడాది కూడా ఉంటుందా?”

ముసలావిడ డాక్టర్ హాల్వర్సన్ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. మూవర్లవాడూ తిరిగాడు.

డాక్టర్ హాల్వర్సన్ రుమాలు జేబులో పెట్టుకుని, ఆ మెత్తని గొంతుతోనే అన్నాడు: “తప్పకుండా ఉంటుంది. మొదట్నించీ మా ఉద్దేశం అదే. మజ్జిగ కూడా.”

టేపు టప్పున లోపలికి పోయింది.

ఆ తర్వాత

గది దక్కింది. మూవర్లకు వేరే షెడ్డు కట్టారు. ఎక్కడో ఊహించగలరా? వెనక గేటు దగ్గర, నేను కారు పెట్టుకునే నీడలో.

కమిటీ ఒక షరతు పెట్టింది. ఏటా వేసవిలో రైతులకు ఇదే చూపించాలి, ఇలాగే చూపించాలి. అంటే ఎండు పెట్టె, దాని ఎడమ మూలన కరివేపాకు కుండీ, దానికి మజ్జిగ. సలోమక్కను నేనే వెళ్లి అడగాల్సి వచ్చింది. “నీకిప్పుడు అవసరమొచ్చిందా?” అని మొదలుపెట్టి ఒక పూటంతా కూర్చోబెట్టి, ఆఖరికి ఒప్పుకుంది. కానీ ఆవిడ షిఫ్టు మారింది. కాబట్టి మజ్జిగ నేనే పోయాలి. బోర్డు మీద డాక్టర్ హాల్వర్సన్ పేరు కింద నా పేరు కూడా చేర్చారు, పైకెళ్లే హక్కున్నవాళ్లలో. పేరు “జాక్” అనే రాశారు.

అప్పట్నించి వేసవి పొడుగునా చెంబు పట్టుకుని, నా మోకాళ్లతో, ఆ మెట్లెక్కాను. ఆవిడ సెలవురోజు తనిఖీకి వచ్చేది. ఒకసారి చెంబులో వేలు ముంచి నాలిక్కి రాసుకుని, “ఉప్పేశావా?” అంది.

“నా లంచ్‌కి తెచ్చుకున్నదే అక్కా, మిగిలితే…”

“ఉప్పు మజ్జిగ మొక్కకి పోస్తారటయ్యా! వేర్లు మాడిపోవూ? పెద్ద చదువులు చదివావ్!”

ఆవిడ అన్నది నిజమే. ఉప్పు ఎక్కువైతే మట్టిలో తడి ఉన్నా వేరు లాక్కోలేదు. కానీ గేటు దగ్గరాయన వినేలా అనక్కర్లేదు.

చలి రాకముందే కుండీ లోపలికి చేర్చాలి. దిగిన వేరును కోసేది నేనే. అది ఎక్కడ ఎంత లావుందో కింద గాజులోంచి చూసి ఉంటాను కాబట్టి సరైన చోట కోసేవాణ్ని. ఒక్క ఏడాది కూడా మొక్క వాడలేదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో సలోమక్క లేచి, మొక్కను కాపాడిన ప్రభువుకూ, రేకు కప్పుకూ, గేటు దగ్గరాయనకూ, ఆ పొడుగాటి తెల్లాయనకూ వందనాలు చెప్పింది. కూర్చుంది. నేను రెండు వరసల వెనకే ఉన్నాను.

పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే. పార ముందు, సిద్ధాంతం తర్వాత. వేరు తిరిగిందంటే అటువైపు ఏదో ఉంది. అది ఏంటో తెలిసేదాకా పోస్టర్ రాయించకండి. బోర్డు ఉన్నా సరే, అప్పుడప్పుడు మెట్లెక్కి పైన చూడండి. మజ్జిగలో ఉప్పు వేయకండి.

నేను రిటైరైన ఏడాది సంఘానికి ఒక కొత్త కుటుంబం వచ్చింది. భోజనాల దగ్గర ఆ అబ్బాయి, “అంకుల్ ఏం చేసేవారండీ?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సలోమక్క అందుకుంది.

“మన కరివేపాకుకి మజ్జిగ పోసేవాడు బాబూ. గవర్నమెంటు జీతమిచ్చేది.”

అందరూ నవ్వారు. ఖండిద్దామని లేచాను. అంతలో ఆవిడ కవర్లోంచి ఒక రెమ్మ తీసి నా పళ్లెం పక్కన పెట్టింది. మోడు కాదు, చిగురున్న రెమ్మ. నేల కింద గది ఇంకా అక్కడే ఉంది. వేసవిలో దానిముందు ఎవరో ఒక రైతు ఇప్పటికీ మోకాళ్ల మీద కూర్చుంటున్నాడు.

కూర్చున్నాను. ఆవిడన్న మాట మాత్రం మర్చిపోలేదు.